కుంగిపోవడానికే కట్టిన దిబ్బ

పటాన్‌చెరు దగ్గరి పటేల్‌గూడలో కంటికి ఎత్తుపల్లాలు కరువైపోయాయి. బీరంగూడ కమాను దగ్గర మళ్లి కిష్టారెడ్డిపేట మీదుగా వచ్చే దారి పొడుగునా ఒకప్పుడు చెల్కలూ బండరాళ్లూ కలగలిసి ఉండేవి. ఇప్పుడు జేసీబీ పళ్లు గీరిన ఎర్రమొరం, దాని మీద సున్నపు గీతలు, గీతల మూలల్లో హద్దురాళ్లు. వెంచరు వేసేవాడు మొట్టమొదట చేసే పని నేలను బల్లపరుపు చేయడం. ఆ తర్వాత కురిసిన వాన ఎటు పోవాలో తెలియక రోడ్డు మలుపుల్లో నిలబడిపోతుంది. అలాంటి చోట, రెండు ఇళ్ల నడుమ మిగిలిన ఖాళీ జాగాలో, నడుమెత్తు దిబ్బ ఒకటి ఉంది. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుందేమో. నెత్తిన అలసంద తీగ, వాలులో గోరుచిక్కుడు, పాదాల దగ్గర చేమాకులు. దారిన పోయేవాళ్లలో కొందరు దాన్ని పెంటకుప్ప అనుకుంటారు. కొందరు ఎవరిదో సమాధి అనుకుని చెప్పులు విడిచి దండం పెడతారు. లోపల ఉన్నవి చెట్ల మొద్దులు.

ఆ దండం పెట్టినవాళ్లదే సరైన చూపని నాకనిపిస్తుంది. సమాధే అది. చచ్చిన చెట్లను పూడ్చి, వాటి మీద బతికే మొక్కలను నిలబెట్టిన కట్టడం. దీన్ని తోటపని పుస్తకాలు నీటి ఆదా అనీ, ఎరువు ఖర్చు తగ్గుదల అనీ లెక్కల్లో చెబుతాయి. ఆ లెక్కల్లో కొన్ని నిజం, కొన్ని అతిశయం. నాకు మాత్రం ఇది మొదట చూడవలసిన వస్తువు. శిల్పి ఉలి దించాక శిల్పం మారకూడదు, మారిందంటే ఎక్కడో పగిలినట్టు. ఈ దిబ్బకు పార పక్కన పెట్టిన నిమిషం నుంచే అసలు కథ మొదలవుతుంది. మొదటి ఏడు అది ఓ జానెడు దిగుతుంది. రెండో ఏడు ఇంకాస్త. నడుము వంగుతుంది, భుజాలు జారతాయి. కట్టినవాడు ఆ దిగడాన్ని ముందే మనసులో పెట్టుకుని ఎత్తు కడతాడు. పడిపోవడాన్నే రూపంగా ఎంచుకున్న కళలు లోకంలో ఎన్నున్నాయి?

కట్టుబడిలోనే సొగసంతా ఉంది కనుక అక్కణ్నుంచి రావాలి. ముందు గుంత. ఈ నేలలో పైన జానెడో మూరెడో ఎర్రమట్టి, దాని కింద మొరం, ఇంకా కిందికి పోతే బండ. పార కొంత దూరమే దిగుతుంది, తర్వాత గడ్డపార మోగుతుంది. మోకాలి లోతు తవ్వితే చాలు. తవ్విన ఎర్రమట్టిని ఒక పక్కకూ, మొరాన్ని ఇంకో పక్కకూ వేరుగా పోయాలి. పనివాడి చెయ్యి తెలిసేది ఇక్కడే. తొందరపడి రెండూ కలిపి పోసినవాడి దిబ్బ మీద మొక్క వేరు దిగక ఏడుస్తుంది. ఎర్రమట్టి మళ్లీ పైకి రావాలి, మొరం అంచులకు కట్టగా పోవాలి. ఏది ముందు బయటికొచ్చిందో అది చివర లోపలికి పోతుంది. తవ్వే వరసకు తిరగేసిన వరస పూడ్చేది.

గుంతలో అడుగున లావు మొద్దులు. వాటిని అడ్డదిడ్డంగా విసిరేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొద్దు పక్కన మొద్దు, సందుల్లో సన్నకొమ్మలు, కొమ్మల సందుల్లో మండలు, వాటి మీద ఎండాకు. ప్రతి పొరకూ మధ్య చారెడు చారెడు మట్టి, పలుచగా పేడనీళ్లు. సందు ఉండిపోతే ఎలుక కాపురం పెడుతుంది, గాలి తిరిగి వేళ్లు ఎండిపోతాయి. కాలితో తొక్కి, నీళ్లు పట్టి, మళ్లీ తొక్కి, మట్టి సందుల్లోకి జారే చప్పుడు ఆగేదాకా పోయాలి. పైన పశువుల ఎరువు, దాని మీద దాచిన ఎర్రమట్టి, అన్నిటికీ పైన గడ్డి కప్పు. గట్టు మీద గడ్డిగడ్డలు పెళ్లగించినవి ఉంటే తలకిందులుగా, వేళ్లు పైకి పెట్టి వాలుల మీద పరచాలి. తలకిందులైన ఆ గడ్డి పొర నాకు చాలా ఇష్టం.

ఇక ఏ చెట్టు? పాత్రల ఎంపికలోనే నాటకం నిలబడుతుందో కూలుతుందో సగం తేలిపోతుంది. మునగ మెత్తని మనిషి, రెండు వానలకే ఒదిగిపోతుంది. సుబాబుల్, మామిడి, ఎర్రపూల తురాయి నాలుగైదేళ్లు నిలిచి నిదానంగా ఇస్తాయి. గిరిపుష్పం అద్భుతం, ఆకుతో సహా పనికొస్తుంది. అయితే పచ్చికొమ్మను పూడిస్తే అది చావడానికి ఒప్పుకోదు, దిబ్బ పక్కనుంచి చిగురేసి చెట్టై కూర్చుంటుంది. సర్కారు తుమ్మదీ అదే మొండితనం, ముళ్లు అదనం. వాటిని ఒక ఎండాకాలమంతా ఎండబెట్టి వాడాలి. వేప కొద్దిగా చాలు. జామాయిల్ నూనె పక్క మొక్కను ఎదగనివ్వదు. టేకు దిబ్బకు అక్కర్లేని చుట్టం, ఆ కరగని గుణం కోసమే మనుషులు దానితో తలుపులు చేయించుకున్నారు. వర్షాలకు ముందు కరెంటు తీగల కింద కొట్టేసిన కొమ్మలు, కాలనీల్లో ఊడ్చి కాల్చేసే ఆకులు, బీరంగూడ గుట్ట మీది మల్లికార్జునస్వామి గుడి దగ్గర పోగుపడే కొబ్బరి పీచు, అరటి బోదెలు, వీటన్నిటికీ ఊళ్లో ఎవరూ వెల కట్టరు. పొద్దున్నే కాలనీ మూలల్లో ఆకు కాలే పొగ చూసినప్పుడల్లా ఒక దిబ్బ గాల్లో పోతోందని నాకు దిగులు.

పటేల్‌గూడ దిబ్బ కట్టేటప్పుడు ఎదురింటి అవ్వ గోడ మీద చేతులానించి అడిగిన మాట బాగుంది. "గిదేంది సారూ, పొయ్యిలకు పనికొచ్చే కట్టెలను బొందవెడ్తున్నరు?" కట్టేవాడు నవ్వి, "అవ్వా, గివి గూడ మండుతయే. నాలుగేండ్లు మండుతయి, మంట గనవడది గంతే" అన్నాడు. వేళాకోళంగా అన్నా, అది కచ్చితమైన శాస్త్రం. పొయ్యిలో గంటలో అయిపోయే పనే మట్టిలో ఏళ్ల తరబడి జరుగుతుంది. కట్టెలో చెట్టు దాచుకున్న ఎండ చాలా మటుకు వేడిగానే బయటికొస్తుంది, బొగ్గుపులుసు గాలిగానే పోతుంది. తేడా ఒక్కటే. పొయ్యి చివర బూడిద మిగులుతుంది, దిబ్బ చివర నల్లమన్ను మిగులుతుంది. అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. "మంట గనవడకపోతే చాయ ఎట్ల మరుగుతది బిడ్డా" అని లోపలికి పోయింది. ఆమె విమర్శకూ విలువ ఉంది.

దిబ్బ రూపానికి మన దగ్గర తోబుట్టువు ఏదంటే నేను బతుకమ్మనే చూపిస్తాను. తాంబాళంలో ఆకు పరిచి తంగేడు పూలు చుట్టూ పేర్చుతారు, మీద గునుగు, దాని మీద బంతి, కట్ల, సీతజడ, ఒక్కో వరస కాస్త కాస్త లోపలికి జరుగుతూ కొస దాకా పోతుంది. చూసేవాళ్లకు పైనున్న పూలే కనబడతాయి. పేర్చే చేతులకు తెలుసు, ఆ గోపురాన్ని నిలబెట్టేది నడుమ బోలులో కూరిన తుంచేసిన కాడలూ ఆకులూనని. తీసిపారేసినవే లోపల బలం. పువ్వు కోసం కోసిన మొక్కలో ఏదీ బయట పడదు, కొంత అందానికీ కొంత ఆసరాకూ పోతుంది. ఆడిపాడాక ఆ పేర్పునంతా చెరువులో వదిలేస్తారు. ఎంత పొడుగు పేరిస్తే అంత గొప్ప, అంత గొప్పగానూ నీళ్లలో కరిగిపోవాలి. దిబ్బ కట్టేవాడికి కూడా ఈ జ్ఞానమే కావాలి: కొస సన్నగిల్లే వరస, లోపలి కూరుడు, నిలుపుకోవాలనే యావ లేకపోవడం. తంగేడు మొక్కను రైతులు పచ్చిరొట్టగా మడిలో తొక్కించిన సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పండుగ పువ్వూ పొలం ఎరువూ ఒకే చెట్టున కాశాయి.

ఇప్పుడు లోపలికి పోదాం. అక్కడ ఉన్నది బీభత్స రసం. కుళ్లు, బూజు, పురుగు, చెమ్మ వాసన. జుగుప్స దానికి స్థాయీభావం, అంటే మూలమైన భావం, అని నాట్యశాస్త్రం. ఆ శాస్త్రం రాసిన భరతుడు బీభత్సానికి నీలిరంగు ఇచ్చి, దానికి అధిదేవతగా మహాకాలుణ్ని పెట్టాడు. కుళ్లుకు కాలుణ్ని దేవుడిగా పెట్టిన ఆ చూపు ముందు ఎన్ని మట్టిశాస్త్ర పుస్తకాలైనా తల వంచాలి. అయితే బీభత్సం నుంచి భయానకం పుడుతుందనీ ఆయన అన్నాడు. రంగస్థలం మీద అది నిజం కావచ్చు. దిబ్బలో బీభత్సం నుంచి అద్భుతం పుడుతుంది. అక్కడ నాకు భరతుడితో పేచీ.

ఎలా పుడుతుందో చూడండి. కట్టెలో రెండు పదార్థాలు పెనవేసుకుని ఉంటాయి, తెల్లని పోగులాంటి సెల్యులోజు, దాన్ని బిగించి పట్టే గోధుమరంగు లిగ్నిను. ఒక రకం శిలీంధ్రం లిగ్నినును తింటుంది. అప్పుడు మొద్దు పాలిపోయి, పీచుపీచుగా, తడిపిన నారలా తయారవుతుంది. ఇంకో రకం సెల్యులోజును తిని లిగ్నినును వదిలేస్తుంది. అప్పుడు మొద్దు గోధుమరంగు పలకలుగా, చిన్న చిన్న ఘనాలుగా పగులుతుంది. వేలితో నొక్కితే పొడి. ఒకే చెట్టు నుంచి వచ్చిన రెండు ముక్కలు, తమను తినేవాళ్లను బట్టి, రెండు వేర్వేరు చావులు చస్తాయి. తెల్లబూజు దారాలు ఆ పగుళ్లలో అల్లుకున్న తీరు చూస్తే దీన్ని కుళ్లడం అనడానికి నోరు రాదు. వలయాలు వలయాలుగా చెట్టు ఏళ్ల తరబడి రాసుకున్నదాన్ని ఎవరో అంతే ఓపిగ్గా చెరిపేస్తున్నారు.

దక్కనులో అయితే బూజు ఒక్కటే కాదు, చెదలున్నాయి. చల్లని దేశాల్లో ఈ పనంతా శిలీంధ్రాలు నిదానంగా చేసుకుంటే, ఇక్కడ చెదపురుగు రాత్రికి రాత్రి మట్టి గొట్టాలు కట్టుకుని మొద్దులోకి దిగుతుంది. ఇక్కడి చెదల్లో ఒక తెగ తిన్న కట్టెతో గూడులో బూజు తోటలే సాగు చేస్తుంది. వానాకాలంలో పుట్ట మీద విచ్చుకునే పెద్ద గొడుగులు ఆ తోటల పంటే. మనిషి మొద్దు మీద తోట వేశాడు, ఆ మొద్దులో చెద తన తోట వేసుకుంది. తోట లోపల తోట! ఇంట్లో ద్వారబంధాన్ని తినే పురుగంటే మనకు పగ. దిబ్బలో అదే పురుగు మన కూలి. దిబ్బను గోడకు ఆనించి కట్టొద్దని మాత్రం చెప్పక తప్పదు, ఆ కూలికి ఎక్కడ ఆగాలో తెలియదు. ఆదికవి మీద పుట్ట లేచిన కథను తరతరాలుగా చెప్పుకున్న జాతికి చెదపుట్ట మీద గౌరవం కొత్త కాదు. ఇప్పటికీ పుట్టమన్ను లేనిదే కొన్ని ఇళ్లలో పెళ్లిపని మొదలవదు.

మొదటి ఏడు మాత్రం దిబ్బ మనసు చివుక్కుమనిపిస్తుంది. ఎంత ముచ్చటగా కట్టినా ఆ ఏడు టమాటా ఆకు పాలిపోతుంది, వంకాయ కదలదు. కారణం లెక్కలోనే ఉంది. పొడికట్టెలో ఒక పాలు నత్రజనికి రెండు వందల నుంచి ఐదు వందల పాళ్ల దాకా కర్బనం ఉంటుంది. ఆవుపేడలో ఆ పాళ్లు ఇరవై చిల్లర. కట్టెను తినే సూక్ష్మజీవులకు ఇంత కర్బనం అరగాలంటే నత్రజని కావాలి, అది కట్టెలో దొరకదు కాబట్టి చుట్టూ ఉన్న మట్టిలోంచి లాక్కుంటాయి. మొక్క ఆకలితో నిలబడుతుంది. ఆలంకారికులు దీన్ని విప్రలంభం అనేవారు. విరహం లేని శృంగారం పండదని వాళ్ల సిద్ధాంతం. ఆ సూక్ష్మజీవులే చచ్చి, లాక్కున్న నత్రజనిని తిరిగి వదిలేటప్పటికి రెండో వానాకాలం వస్తుంది. తెలిసినవాళ్లు ఆ విరహాన్ని తీర్చడానికి తొందరపడి యూరియా చల్లరు. గాలిలోంచి నత్రజని తెచ్చుకోగల కుటుంబాన్ని దిబ్బ మీదికి పిలుస్తారు. అలసంద, పెసర, చిక్కుడు, నెత్తిన కంది. కంది వేరు లోతుగా దిగి మొద్దును వెతుక్కుంటూ పోతుంది. మొదటి ఏడు దిబ్బకు కందిని మించిన శోభ లేదు. పసుపుపచ్చని ఆ పూత డిసెంబరు ఎండలో నిలబడితే ఆకలి మాట గుర్తుకే రాదు.

నీళ్ల సంగతికి వస్తే కొంచెం కటువుగా మాట్లాడాలి. నానిన మొద్దు నీటిని పట్టి ఉంచుతుంది, నిజం. సగం కుళ్లిన కట్టెను పిండితే చుక్కలు రాలతాయి. అంతమాత్రాన ఈ దిబ్బకు అసలు నీళ్లే అక్కర్లేదని చెప్పేవాళ్లు పటాన్‌చెరు మే నెలను చూడనివాళ్లు. ఇక్కడ ఏడాదికి కురిసేది సుమారు 800 నుంచి 900 మిల్లీమీటర్లు, అందులో చాలా భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే. ఆ తర్వాత ఏడు నెలలు ఆకాశం చేతులు ముడుచుకుంటుంది. ఎండ నలభై డిగ్రీలు దాటి కాస్తుంటే ఎత్తైన దిబ్బ ఎండిపోవడానికే ఎక్కువ ఒళ్లు ఇచ్చుకున్నట్టు. చలిదేశాల పుస్తకాల్లో బొమ్మలు చూసి మనిషెత్తు దిబ్బలు లేపినవాళ్ల దిబ్బలు ఇక్కడ మార్చికే నెత్తిన పగుళ్లిస్తాయి. ఇక్కడి రూపం వేరే. సగం నేలలో మునిగి, సగం పైకి తేలి, నేల వాలుకు అడ్డంగా పడుకోవాలి. పారివచ్చే వాననీరు దాని పాదం దగ్గర ఆగి ఇంకాలి. పడమటి వాలు మీద సాయంత్రపు ఎండ దెబ్బ కొట్టకుండా జొన్నో కందో గోడలా నిలబెట్టాలి. నేలలో సగం మునగని దిబ్బ దక్కనులో అందంగా ఉండదు. అందం కూడా ఊరి వానను బట్టే.

ఎత్తుమడి అనే మాట పటాన్‌చెరుకు కొత్త కాదని ఇక్కడే చెప్పాలి. 1972లో ఇక్కడ మొదలైన మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. రేగడిలో వానాకాలం నీళ్లు నిలిచి పంట పోతుందని రైతులు ఆ నేలలను బీడు ఉంచి, వానలు వెళ్లాక జొన్నో శనగో వేసుకునేవారు. దానికి ఇక్రిశాట్ వాళ్లు చూపించిన దారి వెడల్పు ఎత్తుమడి, పక్కన కాలువ. మీటరు మడి, అర మీటరు కాలువ, మళ్లీ మీటరు మడి. ట్రోపికల్టార్ అనే ఎద్దుల పరికరం వెనక ఆ గీతలు స్వల్పమైన వాలులో సాగిపోతాయి. 1976 నుంచి అక్కడ నడుస్తున్న రేగడి ప్రయోగంలో జొన్న, కంది కలిపి వేసిన ఆ మళ్ల మీద హెక్టారుకు సగటున 5 టన్నులు దాటిన గింజ, పాత పద్ధతి మడిలో టన్నుకు కాస్త పైన. గట్ల మీద గిరిపుష్పం పెంచి, ఆకు కోసి మళ్లలోనే వేశారు. దశాబ్దాల తర్వాత ఆ నేలలో కర్బనం పెరిగిందనీ లెక్క తేల్చారు.

ఆ మళ్లు చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. అడుగుబద్దతో గీసిన ఛందస్సు అది. గణం తప్పదు, యతి తప్పదు, ప్రతి ఏడూ మళ్లీ అదే పాదం. వందల ఎకరాలకు కావలసింది అదే. పెరటి దిబ్బను పొలానికి ఎక్కించాలని ఎవరైనా అంటే నేను వద్దనే అంటాను, ఎకరానికి సరిపడా మొద్దులు ఏ అడవి ఇస్తుంది? చెట్లు నరికి దిబ్బలు కడితే అంతకంటే అపహాస్యం ఉండదు. దిబ్బ పొలానికి కాదు. నరికేసిన కొమ్మ, పడిపోయిన చెట్టు ఎక్కడుంటే అక్కడికే దాని హద్దు. రేగడి మడి అందం పునరావృత్తిలో ఉంది, దిబ్బ అందం ఒకేసారి జరిగే సంఘటనలో.

మొద్దులు పూడ్చి దిబ్బ కట్టే ఈ పద్ధతిని పుస్తకంలోకి ఎక్కించింది జర్మనీ తోటమాలులు. 1962లో హెర్మన్ ఆండ్రే రాసిన చిన్న పుస్తకంతో అది బయటికొచ్చింది. తర్వాత ఆస్ట్రియా కొండల్లో సెప్ హోల్జర్ తన క్రామెటర్‌హాఫ్ పొలంలో చేసి చూపి లోకమంతా చాటాడు. చలికొండల మీద కుళ్లే మొద్దు వేడి వాళ్లకు వరం. మనకు ఆ వేడితో పని లేదు, చెమ్మతోనే పని. పర్మాకల్చర్ (ప్రకృతి తీరును అనుసరించే సాగు) మాటను ప్రపంచానికి ఇచ్చిన ఆస్ట్రేలియా మనిషి బిల్ మోలిసన్ 1980ల చివర్లో మన దేశానికి వచ్చినప్పుడు ఆ విత్తనం పడిన నేల ఈ జిల్లాదే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమ్మేళనం హైదరాబాద్‌లో మొదలై బిడకన్నె పొలంలో సాగింది. పటేల్‌గూడ నుంచి ముంబై రహదారి పట్టుకుంటే పస్తాపూర్‌కూ బిడకన్నెకూ అదే దారి. నకలు కొట్టడం తప్పు కాదు, రాగం పైనుంచి తెచ్చుకున్నా పాడే గొంతు ఊరిదైతే చాలు. పెంటగుంతలో చెత్తా పేడా పొరలు పొరలుగా వేసి మగ్గబెట్టడం, చెరువు మన్ను ఎండాకాలంలో చెల్కకు తోలుకోవడం, మడిలో కానుగ ఆకు తొక్కించడం ఇక్కడ ఎప్పట్నించో ఉన్నవే. మొద్దును పూడ్చడం ఒక్కటే అదనపు స్వరం.

పటాన్‌చెరు పట్టీలో నిలబడి సౌందర్యం గురించి మాట్లాడేటప్పుడు ఒక నిజం గొంతులో అడ్డుపడుతుంది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి ఫ్యాక్టరీల నీళ్లు మోసి మంజీరలో కలిసే నక్కవాగు ఏళ్ల తరబడి ఏం తాగిందో ఈ ప్రాంతం వాళ్లకు తెలుసు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురిస్తే లోకం నివ్వెరపోయింది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ పెద్దచెరువు ఇక్కడికి కూతవేటు. రెండు నిజాలూ ఒకే మండలాల గాలి పీలుస్తాయి. కాబట్టి చెరువు మన్ను తోలుకునే ముందు ఏ చెరువు, దానికి పైన ఏ గొట్టం అని అడగాలి. దిబ్బ లోపలికి పోయింది కూరగాయలోకి వస్తుంది.

కట్టెకూ అదే. ఫ్యాక్టరీల బయట గుట్టలుగా పడి ఉండే ప్యాలెట్లు చవగ్గా దొరుకుతాయి, చూడ్డానికి దిబ్బకు సిద్ధం చేసిన పలకల్లా ఉంటాయి. దేశం దాటి వచ్చిన ప్యాలెట్ మీద గోధుమకంకి ముద్ర, పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసినది. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, దాన్ని ముట్టుకోకూడదు. ముద్ర మంచిదైనా దాని మీద ఏ డ్రమ్ము ఒలికిందో ముద్ర చెప్పదు. రసాయనాల కంపెనీ వాకిట్లో దొరికిన పలక కంటే పక్కింటి మునగకొమ్మ వెయ్యి రెట్లు మేలు. రంగు వేసినవి, ప్లైవుడ్ ముక్కలు, మేకులు దిగిన ఫర్నిచర్ పలకలు దిబ్బలో కనబడితే నా దృష్టిలో అది అపస్వరం. ఎంత బాగా కట్టినా వినలేను.

మూడో ఏడు, నాలుగో ఏడు దిబ్బే నాకు అన్నిటికన్నా ఇష్టం. అప్పటికి మొద్దులు మెత్తబడి నడుమ కాస్త లోయ పడుతుంది, దిబ్బ నెత్తి వెడల్పై వాలు సాగుతుంది. మొదటి ఏడు ఒక్క కంది నిలబడిన చోట ఇప్పుడు అన్నీ కుదురుకుంటాయి. ఎండకు ఓర్చే ఉల్లి, మిరప పైన. నడుమ వాలులో వంకాయ, టమాటా. పాదం దగ్గర చెమ్మ వదలని చోట చేమ, పసుపు, అల్లం. ఒకే జానెడు ఎత్తులో ఎండా నీడా తడీ పొడీ అన్నీ ఉంటాయి. చదును నేలలో ఈ వైవిధ్యం ఏ ఎరువుతోనూ రాదు. తవ్వి చూస్తే లోపల మొద్దు ఆకారం ఇంకా కనబడుతుంది, పట్టుకుంటే రాదు. వలయాలు మన్నుగా మారి, మన్నులోనే వలయాలుగా నిలబడ్డాయి. వానపాములు ఆ వలయాల వెంటే తిరుగుతుంటాయి. వేళ్లు మొద్దు గుండెలోంచి దూరి అవతలికి వస్తాయి. పదేళ్లు పైకి పెరిగిన చెట్టులోంచి ఇప్పుడు వంకాయ వేరు కిందికి నడుస్తోంది.

ఈ దశలో ఒక వాదం ఉంది. దిగిన ఎత్తును చూసి బెంగపడి ఏటా పైన బండెడు మట్టి పోసి మళ్లీ నడుమెత్తుకు తెచ్చేవాళ్లున్నారు. దిబ్బ ఎప్పుడూ మొదటి రోజులాగే కనబడాలని వాళ్ల పట్టుదల. పంట పరంగా వాళ్లను తప్పు పట్టలేను, మట్టి పోసిన ఏడు మిరప బాగానే కాస్తుంది. చూపు పరంగా మాత్రం అది ముసలి నటుడికి మీసం రంగు వేయడమే. గడ్డి కప్పు మార్చాలి, పేడ ఎరువు పలచగా వేయాలి, ఎత్తు జోలికి పోకూడదు. ఐదారేళ్లకు అది దాదాపు నేలమట్టం అవుతుంది, జేసీబీ చేసిన చదునుకూ దీనికీ తేడా చెయ్యి పెడితే తెలుస్తుంది: అక్కడ గడ్డపార మోగుతుంది, ఇక్కడ మణికట్టు దాకా చెయ్యి దిగుతుంది. ఆ నేలలో మామూలు మడి కట్టుకుని తోటకూరో పాలకూరో చల్లుకోవచ్చు. ఎత్తు కావాలనిపిస్తే పక్క జాగాలో ఇంకోటి లేపాలి. దానికి మునగ మొద్దులు, సుబాబుల్ కొమ్మలు ఈ సంక్రాంతి నుంచే నరికి ఎండకు వేసుకుంటే మృగశిర కార్తెకు సరిపోతాయి. ఎదురింటి అవ్వ పొయ్యికి కావలసినన్ని పక్కన తీసిపెట్టాకే.